ఐదు స్లైడర్లూ పైకి లేపినా పాట బాగోలేదా?

ప్రశ్న: అన్నా, నాది పదిహేను వేల రకం ఆండ్రాయిడ్ ఫోన్. చెవిలో పెట్టుకునే బ్లూటూత్ బడ్స్ పదిహేను వందలవి. రోజూ చిత్తూరు నుంచి తిరుపతికి బస్సులో వచ్చి పోతుంటాను, దారంతా పాటలే. అన్నమయ్య కీర్తనలు, సినిమా పాటలు రెండూ వింటాను. ఈక్వలైజర్‌లో ఐదు స్లైడర్లూ పైకి పెట్టాను, బేస్ బూస్ట్ కూడా ఆన్ చేశాను. అయినా మృదంగం బుడబుడమంటోంది, గొంతు వెనక్కి పోయింది. సౌండ్ పెంచితే పగులుతోంది. ‘స’ వచ్చినప్పుడల్లా చెవిలో గుచ్చినట్టుంది. ఏ సెట్టింగ్ పెట్టాలి? కొత్త బడ్స్ కొనాలా?

జవాబు:

తమ్ముడూ, ముందు ఆ ఐదు స్లైడర్లనూ మధ్యలో సున్నా దగ్గరికి తీసుకురా. బేస్ బూస్ట్ ఆపెయ్. ఏదైనా ఒక పాట మొదటి నుంచి చివరిదాకా విను. మొదట చప్పగా అనిపిస్తుంది, ఓపిక పట్టు. పగలడం అయితే చాలావరకు అప్పటికప్పుడే పోతుంది.

ఎందుకంటే డిజిటల్ పాటలో సౌండ్‌కి ఒక పైకప్పు ఉంటుంది. దాన్ని సున్నా డీబీ (డెసిబెల్, సౌండ్ కొలత) అంటారు, ఆ పైన చోటు లేదు. ఈ కాలం సినిమా పాటల్ని స్టూడియోలోనే ఆ కప్పుకు దాదాపు తగిలేలా చేసి వదుల్తారు. నువ్వు ఒక స్లైడర్‌ని 6 డీబీ లేపావంటే ఆ భాగంలో అల ఎత్తు రెట్టింపు అవ్వాలి. అంత చోటు ఎక్కడుంది? కుంచంతో బియ్యం కొలిచేటప్పుడు పైన గుట్టగా నిలిచిన గింజల్ని చేత్తో గీసి కిందికి తోసేస్తారు కదా, ఫోన్ కూడా అలల తలల్ని అలాగే గీసేస్తుంది. ఆ గీసిన చప్పుడే నీకు పగిలినట్టు వినిపిస్తోంది. పైగా ఈక్వలైజర్ ఉన్నది కింది, మధ్య, పై స్వరాల్ని విడివిడిగా సర్దుకోవడానికి. ఐదూ ఒకే ఎత్తుకు లేపితే అది ఈక్వలైజర్ పనే కాదు, దొడ్డిదారిన వాల్యూమ్ పెంచుకున్నట్టు.

ఈ తప్పు నేనూ చేసినవాడినే. పాతికేళ్లకు పైగా తిరుపతిలో మైక్ సెట్ పని చేస్తున్నాను. కొత్తలో ఒకసారి తిరుచానూరు రోడ్డులో ఒక కల్యాణ మండపంలో మా మేస్త్రి నన్ను మిక్సర్ దగ్గర కూర్చోబెట్టి టిఫిన్‌కి వెళ్లాడు. పక్కనే ముప్పై ఒక్క స్లైడర్ల గ్రాఫిక్ ఈక్వలైజర్ పెట్టె. అటు చివరా ఇటు చివరా పైకి లేపి, మధ్యలో దించి, నవ్వుతున్న నోరులా అందంగా పేర్చాను. చూడ్డానికి భలేగా ఉంది. పురోహితుడి మంత్రం ఒక్క ముక్క అర్థం కావడం లేదు. డోలుకి మాత్రం గోడలు అదురుతున్నాయి. నాదస్వరం వాయించే పెద్దాయన కళ్లతోనే ‘దించు దించు’ అంటున్నాడు. అర్థంకాక నేను ఇంకొంచెం పెంచాను. కుయ్యిమని ఈల మొదలైంది. మేస్త్రి చెయ్యి కూడా సరిగ్గా కడుక్కోకుండా పరిగెత్తుకొచ్చాడు. వాల్యూమ్ ముట్టుకోలేదు. లేపినవన్నీ సున్నాకి తెచ్చి, 250 హెర్ట్జ్ దగ్గర ఒకటి, 2.5 కిలోహెర్ట్జ్ దగ్గర ఒకటి, రెండే రెండు కిందికి లాగాడు. మంత్రం ముక్కముక్కా తేటగా వినపడింది. తర్వాత నన్ను తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను గానీ, ‘ఏది చాలడం లేదో వెతక్కురా, ఏది అడ్డం నిలబడిందో వెతుకు’ అన్న మాట మాత్రం ఈరోజుకీ చెవిలో ఉంది.

నీ సమస్యా అదే. గొంతు తక్కువైందని నువ్వు అనుకుంటున్నావు. గొంతు ఉన్న చోటే ఉంది, దాని ముందు మృదంగం బురద పేరుకుంది.

స్లైడర్ల దాకా పోకముందే చూడాల్సినవి రెండున్నాయి. మొదటిది రబ్బరు. బడ్స్ పెట్టెలో మూడు సైజుల రబ్బర్లు ఇస్తారు. నూటికి తొంభై మంది పెట్టినదాన్నే పెట్టుకుని తిరుగుతారు అని నా అనుమానం. చెవిలో అది గాలి చొరకుండా బిగుసుకోకపోతే బేస్ అంతా సందులోంచి జారిపోతుంది. అలా పోయినదాన్ని ఏ స్లైడరూ వెనక్కి తేలేదు. పాట పెట్టి బడ్‌ని వేలితో మెల్లగా లోపలికి నొక్కి చూడు. బేస్ ఒక్కసారిగా పెరిగిందంటే నీ రబ్బరు సైజు తప్పు. రెండు చెవులకూ ఒకే సైజు ఉండాలనే రూలేమీ లేదు. నాకు కుడి చెవికి పెద్దది, ఎడమకి మధ్యది. ఇదే చేత్తో బడ్ మూతి మీద ఉన్న సన్నని జల్లెడ కూడా చూడు. గులిమి పట్టి ఉంటే ఎండు టూత్‌బ్రష్ తీసుకో. జల్లెడ కిందికి ఉండేలా పట్టుకుని మెల్లగా దులుపు, లేకపోతే చెత్త లోపలికే పోతుంది. నీళ్లు, స్పిరిట్ వద్దు. ఒక వైపు సౌండ్ తగ్గిందని మా దగ్గరికి తెచ్చే బడ్స్‌లో చాలావాటికి ఇంతే వైద్యం. దులిపాక కూడా ఒకవైపు తక్కువగా ఉంటే ఫోన్‌లో యాక్సెసిబిలిటీ సెట్టింగ్స్ తెరిచి ఆడియో బ్యాలెన్స్ మధ్యలో ఉందో లేదో చూడు. అక్కడే మోనో ఆడియో అని ఒక బటన్ ఉంటుంది, పొరపాటున ఆన్ అయి ఉంటే ఆపు.

రెండోది పాట ఎక్కడి నుంచి వస్తోంది అన్నది. వాట్సాప్‌లో నలుగురి చేతులు మారి వచ్చిన ఫైల్‌కి ఈక్వలైజర్ పెట్టడమంటే నీళ్లు కలిపిన పాలకు మీగడ కట్టించాలనుకోవడమే. స్పాటిఫైలో చూడు: లో అంటే సెకనుకు దాదాపు 24 కిలోబిట్లు, నార్మల్ 96, హై 160, వెరీ హై 320. వెరీ హై ప్రీమియం వాళ్లకే. ఆటోమేటిక్ అని వదిలేస్తే నెట్ బలహీనంగా ఉన్న చోట అదే దించేసుకుంటుంది. చంద్రగిరి దాటాక పాట పలచబడిందని నువ్వు ఎప్పుడైనా అనుకుని ఉంటే కారణం అది కావచ్చు. ఇంట్లో వైఫైలో డౌన్‌లోడ్ చేసుకుని బస్సెక్కు. డేటా సేవర్ ఆన్‌లో ఉందేమో కూడా చూసుకో. బ్లూటూత్ కోడెక్ (పాటను కుదించి బడ్స్‌కి పంపే పద్ధతి) అని చాలామంది తల బద్దలు కొట్టుకుంటారు. నీ ధర బడ్స్‌లో మామూలుగా ఎస్‌బీసీ, ఏఏసీ ఉంటాయి, రెండూ సరిపోతాయి, వదిలెయ్. కానీ ఒకటి గుర్తుపెట్టుకో: ఏదైనా గేమ్‌లోనో కాల్‌లోనో బడ్స్ మైక్ ఆన్ అయితే బ్లూటూత్ కాల్ పద్ధతికి మారిపోయి పాట టెలిఫోన్‌లో విన్నట్టు అయిపోతుంది. అది సెట్టింగ్ తప్పు కాదు.

ఇప్పుడు ఆ ఐదు స్లైడర్లు. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో కనిపించే అంకెలు 60, 230, 910, 3.6 కె, 14 కె. ఇవి హెర్ట్జ్‌లు, కె అంటే వెయ్యి; చిన్న అంకె కింది స్వరం, పెద్ద అంకె పై స్వరం. నీ దాంట్లోనూ దాదాపు ఇవే ఉండాలి.

60 అంటే సినిమా పాటలో గుండెకు తగిలే దెబ్బ, బేస్ గిటార్ అడుగు, కిక్ డ్రమ్. కీర్తనల్లో దీనికి పెద్దగా పని లేదు. పైగా సభల్లో తీసిన లైవ్ రికార్డింగుల్లో కరెంటు ‘హమ్’ ఉంటుంది. మన దేశంలో కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ఆ గుయ్యి సరిగ్గా ఈ స్లైడర్ ఒళ్లోనే కూర్చుంటుంది. లేపితే దాన్నే లేపుతావు.

230 దగ్గరే నీ జబ్బు. మృదంగానికి ఎడమ వైపు తొప్పి మీద తడి రవ్వ ముద్ద అంటిస్తారు, ఆ బరువుకే అది గుమ్మని మంద్రంగా పలుకుతుంది. ఆ గుమ్ము బరువు కొంత ఈ స్లైడర్ పరిధిలోకీ వస్తుంది. తంబూర నిండుతనం, మగ గొంతు గంభీరం కూడా ఇక్కడే. ఆడవాళ్లు ఐదున్నర శ్రుతిలో పాడేటప్పుడు వాళ్ల ఆధార షడ్జం కూడా 200 చుట్టుపక్కల నుంచే మొదలవుతుంది. ఇంతమంది ఒకే అరుగు మీద కూర్చున్నారన్నమాట. పైగా మన ధర బడ్స్‌లో చాలావాటిలో కంపెనీవాళ్లే ఈ ప్రాంతాన్ని ఉబ్బించి పంపుతారు, షాపులో వినగానే ‘అబ్బ, బేస్’ అనాలని. దాని మీద నువ్వు మళ్లీ లేపి, మళ్లీ బేస్ బూస్ట్ పెట్టావు. గాయని కుండలో తల పెట్టి పాడినట్టు ఉండక ఏమవుతుంది?

910 గొంతుకు గుజ్జు. దీన్ని ముట్టుకోకు. బాగా లేపితే ముక్కుతో పాడినట్టు, బాగా దించితే గొంతు పక్క గదిలోకి పోయినట్టు ఉంటుంది.

3.6 కె జాగ్రత్తగా ముట్టుకోవాల్సింది. క, చ, ట, త లాంటి అక్షరాల అంచు, వయొలిన్ కమాను రాపిడి, మృదంగం కుడి వైపు ‘నం’ మొన, ఇవన్నీ ఇక్కడ స్పష్టమవుతాయి. మన చెవికి 2 నుంచి 5 కిలోహెర్ట్జ్ మధ్య పదును ఎక్కువ, చెవి గొట్టమే ఆ ప్రాంతాన్ని సహజంగా పెంచి వినిపిస్తుంది. అందుకని ఒకటి రెండు డీబీలకే తేడా తెలుస్తుంది, నాలుగు లేపితే అరగంటకే తల బరువెక్కుతుంది.

14 కె తాళాల మెరుపు. అంతే. వయసు పెరిగేకొద్దీ పై స్వరాలు వినిపించడం తగ్గుతుంది కాబట్టి నాకిప్పుడు దీన్ని కదిపినా పెద్ద తేడా తెలియదు, నీకు తెలుస్తుంది.

మరి ‘స’ గుచ్చడం? అది చిత్రమైన చోట ఉంటుంది. స, శ, ష బుసలు ఎక్కువగా 5 నుంచి 9 కిలోహెర్ట్జ్ మధ్య ఉంటాయి, అంటే నీ నాలుగో స్లైడర్‌కీ ఐదో స్లైడర్‌కీ నడిమి సందులో. రెండింటినీ పైకి లేపితే సందు కూడా లేస్తుంది, నీకు జరిగింది అదే. ఆ రెండూ దించితే చాలావరకు నెమ్మదిస్తుంది. ఇంకా గుచ్చితే పది స్లైడర్లున్న ఈక్వలైజర్ యాప్ ఏదైనా వేసుకుని అందులో 8 కె ఒక్కటే రెండు మూడు డీబీలు దించు.

అంకెలు అడిగావు కాబట్టి కీర్తనలకు నా మొదలు ఇది: 60 సున్నా, 230 మైనస్ 3, 910 సున్నా, 3.6 కె ప్లస్ 1, 14 కె మైనస్ 1. సినిమా పాటలకు 60 ప్లస్ 3, 230 మైనస్ 2, మిగతావి సున్నా. యాప్‌లో ప్రీఆంప్ అని మొత్తం సౌండ్‌ని ఒకేసారి పెంచి దించే స్లైడర్ ఉంటే అన్నింటికన్నా పైకి లేపినది ఎంత ఉందో దాన్ని అంత దించు. సినిమా పాటల సెట్టింగ్‌కి మైనస్ 3 అన్నమాట. ప్రీఆంప్ లేకపోతే ప్లస్‌లు మానేసి మిగతావి ఇంకాస్త దించు, ఫలితం ఒకటే. సౌండ్ తగ్గినట్టుంటే పక్కనున్న వాల్యూమ్ బటన్ ఉండనే ఉంది.

ఇవి నా చెవికి, నా దగ్గరున్న బడ్స్‌కి కుదిరినవి. నీవి నువ్వే పట్టుకోవాలి. మేం హాల్లో చేసే పద్ధతే చెప్తాను. నువ్వు ఎదురుగా కూర్చుని విన్న కచేరీ లాంటి పాట ఒకటి తీసుకో. రోజూ తిరుపతికి వస్తూ కచేరీ వినలేదని మాత్రం చెప్పకు, ఇక్కడి మహతి ఆడిటోరియంలో ఎప్పుడూ ఏదో ఒకటి జరుగుతూనే ఉంటుంది. మైక్ లేకుండా దగ్గర్నుంచి మృదంగం వినే అవకాశం దొరికితే ఇంకా మంచిది, అసలు రుచి తెలిస్తేనే కల్తీ తెలుస్తుంది. వాల్యూమ్ బాగా తగ్గించు. ఒకే ఒక్క స్లైడర్‌ని మెల్లగా పూర్తిగా పైకి తీసుకెళ్లు. అసహ్యంగా అయిందా? ఎలాంటి అసహ్యమో గుర్తుపట్టు. నువ్వు ముందు నుంచీ పడుతున్న బాధ అదే అయితే నీకు కావాల్సిన స్లైడర్ దొరికింది, దాన్ని సున్నా కిందికి రెండు మూడు డీబీలు దించి వదిలెయ్. కాకపోతే సున్నాకి తెచ్చి పక్కదానికి వెళ్లు. అలా పది నిమిషాలు, అంతకు మించి వద్దు, చెవి అలవాటు పడిపోతుంది. మర్నాడు పొద్దున మళ్లీ విను. రాత్రి అద్భుతం అనుకున్నది పొద్దున్నే వెగటుగా ఉండటం నాకు ఎన్నిసార్లు జరిగిందో.

పోల్చేటప్పుడు ఒక మోసం ఉంది, అందులో పడకు. సౌండ్ కొంచెం ఎక్కువగా ఉన్నదే చెవికి మంచిదిగా అనిపిస్తుంది. 1933లో ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు అమెరికా శాస్త్రవేత్తలు కొలిచి చూపించారు, తక్కువ సౌండ్‌లో చెవికి బేస్ బాగా తక్కువ వినిపిస్తుంది, సౌండ్ పెంచేకొద్దీ నిండుతుంది. పాత టేప్ రికార్డర్ల మీద లౌడ్‌నెస్ అని బటన్ ఉండేది దీనికోసమే. అందుకే ఈక్వలైజర్ ఆన్, ఆఫ్ చేసి పోల్చేటప్పుడు రెండూ ఒకే ఎత్తులో వినిపించేలా వాల్యూమ్ సర్దుకో. లేదంటే ఎప్పుడూ ఆన్ చేసిందే గెలుస్తుంది.

ఇంకో చిక్కు, ఒకదాని మీద ఒకటి పేర్చడం. ఫోన్‌లో డాల్బీయో ఇంకో సౌండ్ ఎఫెక్టో ఉంటుంది. పాటల యాప్‌లో ఒక ఈక్వలైజర్, బడ్స్ కంపెనీ యాప్‌లో ఇంకొకటి. మూడు చోట్లా బేస్ లేపి నా దగ్గరికి తెచ్చిన పిల్లలున్నారు. ఒకటే ఉంచు. బడ్స్‌కి సొంత యాప్ ఉంటే అందులో పెట్టడం నయం. చాలా కంపెనీల బడ్స్‌లో ఆ సెట్టింగ్ బడ్స్‌లోనే నిలిచిపోతుంది, ఇంట్లో ఇంకో ఫోన్‌కి కలిపినా అలాగే పలుకుతాయి. శాంసంగ్‌లో అయితే సౌండ్స్ అండ్ వైబ్రేషన్ లోపల సౌండ్ క్వాలిటీ అండ్ ఎఫెక్ట్స్ అని ఉంటుంది. కొన్ని ఫోన్లలో ఇయర్‌ఫోన్స్ కలిపితే గానీ ఆ పేజీ తెరుచుకోదు, లేదని కంగారు పడకు. ఐఫోన్ వాళ్లు అడిగితే చెప్పు, సెట్టింగ్స్‌లో ఉన్న ఈక్యూ (ఈక్వలైజర్) ఆపిల్ మ్యూజిక్‌కే పనిచేస్తుంది, అందులో స్లైడర్లు ఉండవు, పేర్ల జాబితా మాత్రమే.

పాత రికార్డింగుల గురించి అడగలేదు గానీ కీర్తనలు వింటావు కాబట్టి చెప్తున్నా. టీటీడీ అన్నమాచార్య ప్రాజెక్టు 1978లో మొదలైంది. ఆ తర్వాత క్యాసెట్ కాలంలో వచ్చిన పాటల్లో చాలావాటిని ఎవరో క్యాసెట్ల నుంచే ఎక్కించి నెట్‌లో పెట్టారు. వాటిలో టేపు బుస పై స్లైడర్లలోనే ఉంటుంది. మీ ఊరి పేరునే ఇంటిపేరు చేసుకున్న చిత్తూరు నాగయ్య 1940ల నాటి పాటలైతే గ్రామఫోన్ రికార్డు కాలంవి, 14 కె దగ్గర ఆయన గొంతు అసలు రికార్డే కాలేదు. ఆ స్లైడర్ లేపితే నీకు వచ్చేది ముల్లు గీతలే. పూర్తిగా దించెయ్, ఏమీ పోదు. ఆ పాటలకు 910 ఒక్క డీబీ లేపితే గొంతు ముందుకొచ్చి కూర్చుంటుంది. ముట్టుకోవద్దన్న స్లైడర్‌ని ముట్టుకోమంటున్నానని నవ్వకు, ఈ ఒక్క చోటే.

ఇక బస్సు. ఇంజిన్ గుర్రు, టైర్ల మోత అంతా కింది స్వరాలే. అవి పాటలోని కింది స్వరాల్ని కప్పేస్తాయి. ఇంట్లో సరిపోయిన సెట్టింగ్ బస్సులో బేస్ లేనట్టు ఉండటానికి కారణం అదే, బడ్స్ చెడిపోలేదు. అక్కడ చాలామంది వాల్యూమ్ చివరిదాకా లాగుతారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 80 డీబీ సౌండ్ అయితే వారానికి 40 గంటలు వినొచ్చు, 90 డీబీ అయితే 4 గంటలే. నీకు పోను రాను రోజుకు మూడు నాలుగు గంటలైనా అవుతుంది, వారంలో ఆరు రోజులు. లెక్క నువ్వే వేసుకో. బస్సుకి వేరే ప్రీసెట్ సేవ్ చేసుకో: కీర్తనల సెట్టింగే ఉంచి 60ని ప్లస్ 2, 230ని మైనస్ 2 చెయ్, ప్రీఆంప్ మైనస్ 2. ఇంజిన్ మీద సీటు, వెనక చక్రం మీద సీటు వదిలేసి మధ్యలో కూర్చో, నవ్వులాటకు చెప్పడం లేదు. ఒక్కసారి మారి చూడు.

ఫోన్ స్పీకర్‌కి కూడా ఇదే పెట్టొచ్చా అని తర్వాత అడుగుతావు. వద్దు. గోరంత స్పీకర్‌కి 60 పలికించే శక్తి లేదు, లేపితే గరగరమనడమే. ఫోన్‌ని స్టీలు గ్లాసులో పెడితే సౌండ్ పెరుగుతుంది నిజమే, గ్లాసు తన సొంత గొంతు కలుపుతుంది కాబట్టి. వంటింట్లో సుప్రభాతానికి చాలు.

కొత్త బడ్స్ ఇప్పుడే కొనకు. ఫోన్‌కి 3.5 పిన్ ఉంటే ఎవరిదైనా మంచి వైరు ఇయర్‌ఫోన్ ఒక్కరోజు అడిగి తెచ్చుకో. అన్ని స్లైడర్లూ సున్నాలో పెట్టి అదే పాట, అదే ఫైల్ విను. అందులో మృదంగం తేటగా ఉంటే లోపం నీ బడ్స్‌ది. అప్పుడు ఇంజిన్ మోత తగ్గించే ఏఎన్‌సీ ఉన్నవి చూడు, అది కింది స్వరాల మీదే బాగా పనిచేస్తుంది, బస్సుకి అదే కావాలి. అందులోనూ బుడబుడమంటే లోపం ఫైల్‌లో ఉంది. ఆ పాట పేరు, ఎక్కడ వింటున్నావో రాయి, నా బడ్స్‌లో పెట్టి చూసి చెప్తాను.